జిషో నిఘంటువు ఎంతవరకు పనికొస్తుంది? ‘కకెరు’ అనే ఒక్క క్రియతో పరీక్ష

జపనీస్ నేర్చుకునేవాళ్ళలో జిషో వెబ్‌సైటు తెరవనివాళ్ళు అరుదు. ఉచితం, ఖాతా అక్కర్లేదు, రోమన్ అక్షరాల్లో టైప్ చేసినా హిరగానా అనే జపనీస్ అక్షరాల్లోకి మార్చుకుని వెతికి పెడుతుంది. జిషో అన్న మాటకు అర్థమే నిఘంటువు. నామవాచకాల దాకా దీనికి వంక పెట్టాల్సిందేమీ లేదు. పిల్లి అంటే పిల్లే, స్టేషన్ అంటే స్టేషనే. నిఘంటువు సత్తా తేలేది క్రియల దగ్గర, అందులోనూ పొద్దున లేచింది మొదలు నోట్లో నానే క్రియల దగ్గర. అందుకే ఈ సమీక్షకు కకెరు అనే ఒక్క క్రియనే గీటురాయిగా పెట్టుకున్నాం.

ముందే చెప్పేస్తే, చదువుతున్న వాక్యంలో కకెరు ఎదురైనప్పుడు అర్థం పట్టుకోవడానికి జిషో చాలా బాగుంది. అదే మాటను మనం సొంతంగా వాడాలనుకున్నప్పుడు మాత్రం అది సగం దారిలో వదిలేస్తుంది. మిగతా సగం ఎలా నడవాలో కూడా ఇక్కడే చెబుతాం.

వెతుకు పెట్టెలో కకెరు కొట్టగానే పైన వచ్చేది, ఎడమవైపు ‘చెయ్యి’ భాగం ఉన్న కంజితో (చైనా నుంచి వచ్చిన లిపి అక్షరంతో) రాసే కకెరు. దాని కింద 20కి పైగా అర్థాలు వరుసగా ఉంటాయి. వేలాడదీయడం, కప్పడం, కళ్ళజోడు పెట్టుకోవడం, ఫోన్ చేయడం, సమయమో డబ్బో వెచ్చించడం, ద్రవం పోయడం, ఇంజిన్ స్టార్ట్ చేయడం, ఒకరిని ఇబ్బంది పెట్టడం, గుణించడం, తాళం వేయడం, కూర్చోవడం… ఇంకా ఉంది. ఇంకాస్త కిందికి వెళితే ఇదే ఉచ్చారణ ఉన్న వేరే క్రియలు కనిపిస్తాయి. కప్పు అంచు విరగడానికీ చంద్రుడు తగ్గడానికీ వాడేది ఒకటి, ‘గుర్రం’ భాగం ఉన్న కంజితో పరుగెత్తడం ఒకటి, ‘గవ్వ’ భాగం ఉన్న కంజితో పందెం కాయడం ఒకటి. గవ్వ పాతకాలపు డబ్బు కాబట్టి ఆ గుర్తు బాగా గుర్తుంటుంది. ఇవి కాక, కకు అంటే రాయడం గనక, ‘రాయగలగడం’ కూడా కకెరు అనే వినిపిస్తుంది.

ఈ సమాచారమంతా జిషో సొంతది కాదు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన ఎడిక్ట్, దాన్నుంచి పెరిగిన జేఎమ్‌డిక్ట్ అనే ఉచిత పదకోశం దీనికి ఆధారం. ఆ కోశంలో ఏళ్ళ తరబడి సంపాదకులు ఒక్కో అర్థాన్నీ సరిచూస్తూ వచ్చారు. ఒక్క కకెరు పేజీ చూసినా ఆ శ్రమ తెలుస్తుంది. అర్థాలు ఏమైనా వదిలేశారా అంటే, మామూలు వాడకంలో దొరికేవాటిలో దాదాపు ఏదీ వదల్లేదు.

చిక్కు వరుసక్రమంలో ఉంది. ‘వేలాడదీయడం’ మొదట కనిపిస్తుంది కాబట్టి అదే అసలు అర్థమని, మిగతావి విడిగా బట్టీ పట్టాలని అనిపిస్తుంది. ఫోన్‌కీ వేలాడదీయడానికీ ఏం సంబంధం, సోయా సాస్‌కీ తాళానికీ ఏం సంబంధం అని బుర్ర వేడెక్కుతుంది. నిజానికి వీటన్నిటి వెనకా ఒకే కదలిక ఉంది. ఒకదాన్ని ఇంకోదాని మీదికి చేర్చి, అక్కడ ఆనేలా, పట్టేలా, లేదా దాని ప్రభావం పడేలా చేయడం. కోటు కొక్కెం మీద ఆనుతుంది, కళ్ళజోడు ముక్కు మీద ఆనుతుంది, దుప్పటి ఒంటి మీద పడుతుంది, మన ఇబ్బంది ఎదుటివాళ్ళ నెత్తిన పడుతుంది. జిషో అర్థాలను ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఇంగ్లీషులో ఈ పనులన్నిటికీ వేర్వేరు క్రియలు కావడంతో ఆ ఒకే కదలిక ముక్కలైపోయి కనిపిస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక పెద్ద సౌకర్యం ఉంది, దాన్ని వదులుకోకూడదు. జిషో ఇచ్చిన ఇంగ్లీషు అర్థాన్ని పక్కన పెట్టి, కకెరు స్థానంలో ‘వేయి’ పెట్టి చూడండి. కగి ఒ కకెరు: తాళం వేయి. (కగి అంటే తాళమూ, తాళంచెవీ రెండూ. మనం ‘తాళాలు ఎక్కడ పెట్టావు’ అన్నట్టే.) బురేకి ఒ కకెరు: బ్రేక్ వేయి. హషి ఒ కకెరు: వంతెన వేయి. జేకిన్ ఒ కకెరు: పన్ను వేయి. వన ఒ కకెరు: ఉచ్చు వేయి. మహో ఒ కకెరు: మంత్రం వేయి. హకరి ని కకెరు: తూకం వేయి. కొఎ అంటే గొంతు, స్వరం. కొఎ ఒ కకెరు అంటే పలకరించడం, పిలవడం. ‘వెళ్ళేటప్పుడు ఒక కేక వెయ్యి’ అంటామే, అచ్చంగా అదే.

‘వేయి’ కుదరని చోట చాలాసార్లు ‘పెట్టు’ కుదురుతుంది. మెగనె ఒ కకెరు కళ్ళజోడు పెట్టుకోవడం. మెజమషి ఒ కకెరు అలారం పెట్టడం. నబె ఒ హి ని కకెరు గిన్నె పొయ్యి మీద పెట్టడం. మేవకు ఒ కకెరు ఇబ్బంది పెట్టడం. షింపై ఒ కకెరు బెంగ పెట్టడం. జికన్ ఒ కకెరు ఒక పని మీద సమయం పెట్టడం. ఈ రెండు తెలుగు క్రియలతో జిషో జాబితాలో సగానికి పైగా అర్థాలు బట్టీ అక్కర్లేకుండా గుర్తుండిపోతాయి.

ఇంకా ముఖ్యమైంది జంట క్రియ. కకెరుకు అకర్మక జంట కకరు. మనకు వేయు–పడు ఎలాగో వాళ్ళకు కకెరు–కకరు అలాగ. తాళం వేస్తే తాళం పడుతుంది: కగి గ కకరు. బ్రేక్ వేస్తే బ్రేక్ పడుతుంది. పన్ను వేస్తే పన్ను పడుతుంది. నీళ్ళు పోస్తే మీద పడతాయి: మిజు గ కకరు. ఉచ్చు వేస్తే ఉచ్చులో పడతారు: వన ని కకరు. రెండు గంటలు పడుతుంది అనడానికి నిజికన్ కకరు. జబ్బున పడటం కూడా బ్యోకి ని కకరు. అయితే దీనికి కకెరు జంట లేదు, ‘జబ్బు వేయడం’ మనకూ లేదు. కళ్ళజోడుకూ, వాక్యూమ్ క్లీనర్‌కూ, కుర్చీలో కూర్చోవడానికీ కకెరు మాత్రమే ఉంది, కకరు రాదు. ఇబ్బంది దగ్గర ఒక్క జాగ్రత్త. తెలుగులో మనిషి ఇబ్బంది పడతాడు. జపనీస్‌లో మనిషికి ఇబ్బంది పడుతుంది, అంటే హితొ ని మేవకు గ కకరు. కర్త ఇబ్బందే.

జిషో ఈ జంటను చూపదు. కకెరు పక్కన సకర్మకం అని, కకరు పేజీలో అకర్మకం అని ముద్ర ఉంటుంది, అంతే. ఒకదాని పక్కన ఇంకోదాన్ని పెట్టి చూపే ఏర్పాటు లేదు. జపనీస్‌లో ఇలాంటి జంటలు లెక్కలేనన్ని, పైగా రోజువారీ మాటల్లో అకర్మకానిదే పెద్దపీట. ‘ఫోన్ వచ్చింది’ అనడానికి దెన్వ గ కకత్తె కిత అనాలి. కకెరు పేజీ ఎంతసేపు చదివినా ఆ వాక్యం పుట్టదు. ఈ లోటు మా దృష్టిలో అన్నిటికంటే పెద్దది.

‘వేయి’ సూత్రం తప్పుదారి పట్టించే చోట్లు కూడా తెలిసి ఉండాలి. చొక్కా వేసుకోవడం కిరు, ప్యాంటూ బూట్లూ వేసుకోవడం హకు, టోపీ పెట్టుకోవడం కబురు. ఒంటిమీదివాటిలో కకెరు కళ్ళజోడుకూ, మెడలోనో భుజానికో తగిలించుకునేవాటికీ వస్తుంది. లైట్ వేయడం, ఫ్యాన్ వేయడం త్సుకెరు. ఓటు వేయడానికీ ప్రశ్న వేయడానికీ వేరే క్రియలున్నాయి. కూరలో ఉప్పు వేయడం ఇరెరు, ఎందుకంటే అది లోపలికి పోతుంది. కకెరుకు పైనుంచి పడటం కావాలి.

ఆ పైనుంచి పడటాన్ని దగ్గరగా చూడాలంటే సోయా సాస్ మంచి ఉదాహరణ. చల్లటి తోఫు మీద సీసా వంచి సాస్ పోస్తే తోఫు ని షోయు ఒ కకెరు. సుషీని చిన్న పళ్ళెంలోని సాస్‌లో ముంచితే సుషి ని షోయు ఒ త్సుకెరు. వాక్యం కట్టుబడి ఒకటే, మారేది క్రియ. సాస్ కదిలి వస్తే కకెరు, తినే వస్తువు సాస్ దగ్గరికి వెళితే త్సుకెరు. కకె ఉదొన్, కకె సొబ అనే నూడుల్స్‌లో ముందున్న ‘కకె’ ఇదే క్రియ. నూడుల్స్ మీద వేడి పులుసు పోసి ఇస్తారు గనక ఆ పేరు. మొక్కకు నీళ్ళు పోయడం మాత్రం హన ని మిజు ఒ యరు. అక్కడ కకెరు అంటే నీళ్ళు చల్లామనో, చిమ్మామనో వినిపిస్తుంది తప్ప, మొక్కను పెంచుతున్న భావం రాదు.

పై వాక్యాల్లో పని చేస్తున్నది విభక్తి అని గమనించే ఉంటారు. పోసేది ఒ తీసుకుంటుంది, ఎక్కడ పడుతుందో అది ని తీసుకుంటుంది. వాళ్ళ ‘ని’ మన ‘కి’, మన ‘ని’ వాళ్ళ ‘ఒ’. తెలుగువాళ్ళు ఇక్కడ మొదటి కొన్ని వారాలు తప్పకుండా తడబడతారు. కకెరు అర్థం మారేది దాని ముందున్న నామవాచకాన్ని బట్టి, ఈ విభక్తిని బట్టి. అయినా జిషోలో ఏ అర్థానికి ఏ విభక్తి కట్టుబాటో చెప్పే వరస లేదు. మె ఒ కకెరు, ఒమె ని కకెరు తీసుకోండి. మె అంటే కన్ను. మొదటిది ఒకరిని ప్రత్యేకంగా చూసుకోవడం, ఆదరించడం. రెండోది వినయంగా ‘తమకు చూపిస్తాను’ అనడం. రెండోదానిలో ఒక్క అచ్చు మార్చి ఒమె ని కకరు అంటే ‘తమను కలుస్తాను’. ఆఫీసు మెయిల్‌లో ఈ ఒక్క అక్షరం తప్పితే కలుస్తానన్నది చూపిస్తానన్నదిగా మారిపోతుంది. తె ని కకెరు ఇంకా ప్రమాదం. తె అంటే చెయ్యి. స్వయంగా పెంచి పోషించడానికీ అదే మాట, తన చేత్తో చంపడానికీ అదే మాట. సందర్భం తప్ప వేరే దిక్కు లేదు.

ఈ లోటును జిషోలోనే చాలావరకు పూడ్చుకునే కిటుకు ఒకటుంది. క్రియను ఒంటరిగా వెతకొద్దు, పదబంధాన్ని మొత్తంగా వెతకండి. దెన్వ ఒ కకెరు, మేవకు ఒ కకెరు, కొఎ ఒ కకెరు లాంటివి పదకోశంలో విడి పదాలుగానే ఉన్నాయి. వాటికి అర్థం ఒక్క ముక్కలో దొరుకుతుంది. ఇంకా మేలు, నక్షత్రం గుర్తు పెట్టి దాని వెనక హిరగానాలో ‘ఒ కకెరు’ టైప్ చేయడం. ఆ తోకతో ముగిసే పదబంధాలన్నీ వరుసగా వస్తాయి. విభక్తి ‘ఒ’ను రోమన్‌లో కొట్టేటప్పుడు డబ్ల్యూ, ఓ అనే రెండు అక్షరాలు కలిపి కొట్టాలి. ఒట్టి ఓ కొడితే వేరే హిరగానా అక్షరం పడి, ఆ పదబంధాలు రావు. ‘ని కకెరు’కు కూడా ఇదే పద్ధతి. అప్పుడు హన ని కకెరు బయటపడుతుంది. ముక్కుకు తగిలించుకోవడం అన్నమాట, అంటే గొప్పలు పోవడం.

నక్షత్రం వెనక ఒట్టి కకెరు పెడితే సంయుక్త క్రియలు వస్తాయి. ఈ భాగం చాలా విలువైనది, కానీ జిషో ప్రధాన పేజీలో ఇది జాబితా అట్టడుగున రెండు వరుసల్లో ముగిసిపోయింది. క్రియ వెనక చేరిన కకెరు రెండు రకాలు. ఒకటి, పని ఎదుటివాళ్ళ వైపు మళ్ళడం: హనషికకెరు అంటే వెళ్ళి మాట కలపడం, యొబికకెరు అంటే పిలుపునివ్వడం, ఒఇకకెరు అంటే వెంటపడటం. రెండోది, పని మొదలై పూర్తికాకపోవడం. తినడం, చదవడం లాంటి సాగే పనులకు చేరితే సగంలో ఆగిందని: తబెకకె నొ పన్ సగం తిని వదిలిన బ్రెడ్, యొమికకె నొ హొన్ సగం చదివిన పుస్తకం. చావడం, ఆగడం లాంటి ఒక్క క్షణంలో జరిగే వాటికి చేరితే అంచుదాకా వచ్చిందని: షినికకెత అంటే చచ్చినంత పనైంది, కానీ బతికే ఉన్నాడు. తెలుగులో దీనికి ‘-బోయి’ సరిగ్గా అతుకుతుంది, చెప్పబోయి ఆగాడు అన్నట్టు. దెకకెరు, అంటే బయటికి బయలుదేరడం, ఈ రెండు గుంపుల్లోనూ ఇప్పుడు ఇమడదు. దాన్ని విడి పదంగా నేర్చుకోవడమే సుఖం.

‘నుంచి… దాకా’ అర్థంలో వచ్చే కర… ని కకెతె కూడా ఇదే కుటుంబం. రొకుగత్సు కర షిచిగత్సు ని కకెతె అంటే జూన్ నుంచి జూలై దాకా, జపాన్‌లో వానలు పట్టే కాలం. గడువు తేదీలా కచ్చితమైన ముగింపు చెప్పాలంటే మదె వాడాలి. ని కకెతెలో అంచులు పలచగా ఉంటాయి.

ఉదాహరణ వాక్యాల సంగతి. పదం వెనక హ్యాష్ గుర్తు పెట్టి సెంటెన్సెస్ అని కొడితే జిషో వాక్యాలు మాత్రమే చూపుతుంది. ఇవి తతొఎబ అనే సామూహిక సేకరణ నుంచి వచ్చినవి. వాటిలో పెద్ద భాగానికి మూలం తనక కార్పస్. ప్రొఫెసర్ యసుహితొ తనక తన విద్యార్థుల చేత పోగు చేయించిన 2 లక్షలకు పైగా వాక్యాల జతలు అవి. విద్యార్థులు పాఠ్యపుస్తకాల్లాంటి వాటినుంచి ఎక్కించినవి కాబట్టి, తర్వాత చాలా దిద్దుబాట్లు జరిగినా, కొన్నిట్లో జపనీస్ ఇంగ్లీషు వాసన కొడుతుంది. అర్థం అందుకోవడానికి వాడుకోండి. అదే వాక్యాన్ని నోటికి తెచ్చుకోవాలనుకుంటే మాత్రం ఇంకోచోట సరిచూసుకోండి. ఆ ఇంకోచోటు ఎన్‌ఎల్‌బి. జపాన్ జాతీయ భాషా పరిశోధన సంస్థ 10 కోట్ల పదాల లిఖిత జపనీస్ భాండాగారాన్ని వెతకడానికి పెట్టిన ఉచిత సాధనం. అందులో కకెరు తెరిస్తే ముందు విభక్తులవారీగా విడగొట్టి, ఒక్కో విభక్తి కింద ఏ నామవాచకం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో చూపుతుంది. జిషోలో లేనిది సరిగ్గా ఇదే. అంతా జపనీస్‌లో ఉంటుంది, అదొక్కటే ఇబ్బంది. ఇదే సంస్థ భారతీయ భాషాశాస్త్రవేత్త ప్రశాంత్ పర్దేశీ నాయకత్వంలో బహుళార్థక మూల క్రియలకు ఒక ఆన్‌లైన్ హ్యాండ్‌బుక్ కూడా తెచ్చింది. ఒక అర్థం నుంచి ఇంకో అర్థం ఎలా కొమ్మ వేసిందో పటం గీసి చూపించే పద్ధతి దానిది. కాస్త జపనీస్ చదవడం వచ్చాక జిషో కంటే దాని దగ్గరే ఎక్కువ సేపు గడపాలి.

ఉచ్చారణలో ఇంకో గుంట ఉంది. కొన్ని పదాలకు జిషోలో ఆడియో ఉంది గానీ, స్వరం ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతుందో గుర్తు పెట్టరు. టోక్యో మాటలో తాళం వేసే కకెరుకు ‘కె’ తర్వాత స్వరం దిగుతుంది. అంచు విరిగే కకెరు చివరిదాకా దిగకుండా సాగుతుంది. కకెతె, కకెత రూపాల్లో మొదటిదానికి ‘క’ తర్వాతే దిగుతుంది, రెండోది మళ్ళీ సాఫీగానే ఉంటుంది. పందెం కాయడం, పరుగెత్తడం, రాయగలగడం మూడూ మొదటిదానిలాగే పలుకుతాయి, కాబట్టి వాటిని చెవితో విడదీయలేం. ఈ వివరాలకు టోక్యో విశ్వవిద్యాలయంలో తయారైన ఓజాడ్ అనే ఉచిత స్వర నిఘంటువు చూడాలి. క్రియారూపాలన్నిటికీ గీత గీసి చూపిస్తుంది. రూపాల పట్టిక ఒట్టిదే కావాలంటే జిషో చాలు. అర్థాల పక్కన ఇన్‌ఫ్లెక్షన్స్ లంకె నొక్కితే వస్తుంది. మారిన రూపాన్ని టైప్ చేసినా మూలాన్ని పట్టుకోవడంలో ఇది చాలా చురుకు.

జిషో పదాల పక్కన వేసే జేఎల్‌పీటీ (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష) స్థాయి ముద్రలను నమ్మి చదువు ప్రణాళిక వేసుకోవద్దు. 2010లో పరీక్ష కొత్త రూపంలోకి వచ్చినప్పటినుంచి అధికారిక పదాల జాబితా ప్రచురించడం లేదు. జిషోలో కనిపించేవి అనధికారిక జాబితాలనుంచి తీసుకున్నవి. పైగా ముద్ర పదం మొత్తానికి ఒక్కటే పడుతుంది. కళ్ళజోడు, ఫోన్, తాళం మొదటి మెట్టులోనే కావాలి. విచారణకు పెట్టడం, శ్లేషగా వాడటం లాంటివి ఎప్పటికో గానీ తగలవు. జాబితాలో అన్నీ ఒకే సైజు అక్షరాల్లో కూర్చుని ఉంటాయి. మొదట తాళం, కళ్ళజోడు, ఫోన్, సాస్, సమయం, ఇబ్బంది, పలకరింపు అనే ఏడింటిని వాటి కకరు రూపాలతో (కళ్ళజోడుకు తప్ప) పట్టుకుంటే మామూలు సంభాషణలో వచ్చే కకెరులో ఎక్కువ భాగం దాటేసినట్టే. రాసేటప్పుడు ఫోన్, ఇబ్బంది, సమయం లాంటివాటికి కంజి వద్దు, హిరగానాలో రాయడమే వాడుక. జిషో కూడా ఆ గమనిక పెడుతుంది, దాన్ని దాటేయకండి.

ఇంటర్నెట్ లేనిచోట జిషో తెరుచుకోదు. ఆండ్రాయిడ్‌లో తకొబొతొ, ఐఫోన్‌లో షిరబె జిషో అదే పదకోశాన్ని ఫోన్‌లో దాచుకుని పనిచేస్తాయి. కాబట్టి కకెరు అర్థాల జాబితా వాటిలోనూ ఇదే, విభక్తుల లోటూ ఇదే. అర్థంలో ఏదైనా తప్పు గానీ లోటు గానీ కనిపిస్తే జేఎమ్‌డిక్ట్‌కే సవరణ పంపవచ్చు. ఆధారం జోడించి పంపితే సంపాదకులు పరిశీలించి చేరుస్తారు. అక్కడ మారింది ఆ కోశం మీద నడిచే నిఘంటువులన్నిటిలోకీ తర్వాతి అప్‌డేట్‌తో చేరుతుంది.